80 వేలు.. ఒక డబుల్ బ్యారెల్

బంగారం కొనాలంటే సలహా చెప్పేవాళ్లు ఇంటినిండా ఉంటారు. ప్లాటు కొనాలన్నా అంతే. బోరు వేయించాలంటే కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరిగేవాళ్లూ దొరుకుతారు. మరి తుపాకీ కొనాలంటే ఎవరినడగాలి? మా చిన్నాయనకు వచ్చిన చిక్కు ఇదే. పేపర్లో పనిచేసేవాళ్లకు అన్నీ తెలుస్తాయని ఆయన గట్టి నమ్మకం. 'బిడ్డా, లైసెన్సు చేతికొచ్చింది. 80 వేలు జమ చేసిన. మంచి తుపాకి జూడాలె' అని ఫోన్ చేశాడు.

చిన్నాయన ఉండేది చిట్కుల్‌లో. ముంబై హైవే మీద పటాన్‌చెరు దాటాక ఇస్నాపూర్, దాని పక్కనే చిట్కుల్. అటు పాశమైలారం ఫ్యాక్టరీలు. లారీలు, షిఫ్టు బస్సులు, ఒడిశా, బిహార్ కార్మికులు అద్దెకుండే వరస గదులు. ఫౌజులో 17 ఏళ్లు చేసి వచ్చి, ఇక్కడే ఒక కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేరాడు. ఈ ఊళ్లో తుపాకీతో పనేముందంటారా? ఏమీ లేదు. పని ఉన్నది నారాయణఖేడ్ వైపు, చిన్నమ్మకు తల్లిగారిచ్చిన నాలుగెకరాల్లో. అందులో ఏటా మక్క వేస్తారు. కంకి పాలు పట్టే సమయానికి అడవిపందులు దిగుతాయి. అవి తినేది తక్కువ, విరిచి తొక్కేది ఎక్కువ. ఒక్క రాత్రిలో అరెకరం నేలమట్టం చేసిపోతాయి. చీరలు కట్టారు, దిష్టిబొమ్మలు పెట్టారు, మంచె మీద పడుకుని డబ్బాలు కొట్టారు. పందులు నాలుగు రోజులు బెదిరి, అయిదో రోజు మళ్లీ వచ్చాయి.

'ఫౌజుల ఉన్నోనివి, నీకు తుపాకీ గురించి నేను చెప్పాల్నా?' అన్నాను. 'ఆడ వాళ్లిచ్చింది పట్టుకునుడే. ఏరుకునేది ఉండదు' అన్నాడు. నిజమే. రైఫిల్ వేరు, ఇది వేరు.

వేట పోయింది.. తుపాకీ మిగిలింది

మనం డబుల్ బ్యారెల్ అని పిలిచేది పుట్టుకతో వేట తుపాకీ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పులుల వేటగాడిగా పేరు. ఆ వేటల ఫొటోలు రాజా దీన్‌దయాళ్ తీశాడు. మెదక్ పక్కన పోచారం అడవి ఒకప్పుడు నిజాం వేట స్థలమే. 1952లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సరదా వేటకు క్రమంగా తెరపడింది. తుపాకీ మాత్రం ఎక్కడికీ పోలేదు. బ్యాంకు గేటు దగ్గర గార్డు భుజానికి వేలాడేది చాలాచోట్ల ఆనాటి వేట తుపాకీ తమ్ముడే.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. తుపాకీ లైసెన్సు వేరు, పందిని కాల్చడానికి అనుమతి వేరు. మొదటిది 1959 నాటి ఆయుధాల చట్టం కింద వస్తుంది. రెండోది అటవీశాఖ ఇవ్వాలి. 2022 సవరణ తర్వాత అడవిపంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూలులో ఉంది. పంటకు ప్రమాదకరంగా మారిందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే కాల్చాలి. చచ్చిన జంతువు సర్కారు సొత్తు. కూర వండుకున్నా, అమ్మినా కేసే. 2016లో బిహార్‌లోని మొకామాలో నీల్‌గాయ్‌లను కాల్చడానికి మన హైదరాబాద్ నుంచి వేటగాళ్లు వెళ్లారు. వాళ్లు వెళ్లింది కూడా ప్రభుత్వం పిలిస్తేనే.

ఈ మాట చెబితే చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. 'అంటె తుపాకి ఉన్నా, కాయితం లేంది గుర్రు పెట్టద్దన్నమాట' అన్నాడు. అంతే!

12 అంటే ఏమిటి?

దుకాణంలో మొదట వినిపించే మాట 'ట్వెల్వ్ బోర్'. ఒక పౌండు సీసాన్ని, అంటే దాదాపు 454 గ్రాములను, 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావు ఉంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత అన్నమాట. సుమారు 18.5 మిల్లీమీటర్లు. రైఫిల్ గొట్టంలో మెలికల గాడులుంటాయి, ఇందులో ఉండవు. లోపలంతా నున్నగా ఉంటుంది. ఒక తూటాలో చాలా రవ్వలుంటాయి. పిట్టలకు చిన్న రవ్వలు వాడేవారు. పందిలాంటి జంతువుకు ఎల్‌జీ అనే పెద్ద గుండ్లు. గురి పనిచేసేది 35, 40 మీటర్ల లోపే. కానీ గురి తప్పిన గుండు వందల మీటర్లు పోతుంది. పక్క చేలో కావలి పడుకున్న మనిషి ఉంటాడని మరచిపోకూడదు.

ఎవరి తుపాకీ కొనాలి?

మా జిల్లాలో ఒక అపోహ ఉంది. ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడే కొనుక్కోవచ్చు కదా అంటారు. 1984లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ పని సైన్యానికి పోరాట వాహనాలు చేయడం. మనలాంటి వాళ్లకు దిక్కు లైసెన్సున్న డీలరే.

డీలరు దగ్గర దొరికేవి స్థూలంగా మూడు రకాలు. ఒకటి, ప్రభుత్వ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల సరుకు. రెండు, బిహార్‌లోని ముంగేర్, ఇంకా జమ్మూలలో లైసెన్సు మీద నడిచే చిన్న కార్ఖానాల తుపాకులు. ఇవి చవక. పనితనం మాత్రం ఒక్కో దానికి ఒక్కో తీరు, కాబట్టి చేతిలోకి తీసుకుని చూడందే కొనకూడదు. మూడు, పాత ఇంగ్లిష్ తుపాకులు. వెబ్లీ స్కాట్, గ్రీనర్ లాంటి పేర్లు వింటేనే పాతకాలం వాళ్ల కళ్లు మెరుస్తాయి. 1980ల మధ్య నుంచి మామూలు మనుషులు విదేశీ తుపాకులు తెప్పించుకోవడంపై ఆంక్షలు పడ్డాయి. కొత్తవి రావు, ఉన్నవే చేతులు మారాలి. అందుకే వాటికి ఆ ధర. అందులో సగం పేరుకు కట్టేదే.

ఇక ఒక గొట్టమా, రెండా, పంప్ యాక్షనా? ఒక గొట్టానిది అన్నిటికన్నా తక్కువ ధర, కానీ రెండో అవకాశం ఉండదు. పంప్ యాక్షన్ సినిమాల్లో చూసిందే. ముందున్న పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా ఎక్కుతుంది. తూటాలు ఎక్కువ పడతాయి, భాగాలూ ఎక్కువే. నా ఓటు దానికే అనుకున్నాను. చిన్నాయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. 'డబుల్ బ్యారెల్ మలిస్తె లోపల తూట ఉందో లేదో గుడ్డి దీపంల గూడ కనపడుతది. చుట్టున్నోళ్లకు గూడ కనపడుతది' అన్నాడు. చీకట్లో, చేను గట్టు మీద, నిద్ర కళ్లతో వాడాల్సిన వస్తువు. దానికి ఇంతకన్నా మంచి కారణం ఏముంటుంది?

గంట మోగాలి

నగరంలో ఒక పాత దుకాణానికి వెళ్లాం. అద్దాల బీరువాలో గొలుసులు వేసిన తుపాకులు, గోడకు పాత క్యాలెండరు. దుకాణం పెద్దాయన ముందు లైసెన్సు చూశాడు, అందులో యూఐఎన్ నంబరు చూశాడు, తర్వాతే కుర్చీ చూపించాడు. ఆ జాగ్రత్త నచ్చింది. 2022లో నకిలీ లైసెన్సులతో తుపాకులు పెట్టుకుని గార్డులుగా పనిచేస్తున్న వాళ్లను హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. కాగితం సరిగా లేని తుపాకీ ఎంత చవకగా వచ్చినా ఖరీదైనదే.

తర్వాత రెండు గంటల్లో ఆయన నేర్పింది ఏ పుస్తకం చదివినా రాదేమో. తుపాకీ చేతికి తీసుకోగానే మలిచి ఖాళీగా ఉందో లేదో చూడాలి. ఇచ్చినవాడు చూసినా సరే, తీసుకున్నవాడు మళ్లీ చూడాలి. ముందున్న చెక్కను ఊడదీసి, గొట్టాలను పట్టుకుని ఊపాలి. వదులైన తలుపు బందుల్లా టకటకమంటే ఆ తుపాకీ అరిగిపోయినట్టే. మూసి వెలుతురుకెత్తితే గొట్టానికీ వెనక దిమ్మకూ మధ్య సందు కనబడకూడదు. గొట్టాల్లోంచి బల్బు వైపు చూడాలి. లోపల వెలుగు రింగులు గుండ్రంగా వరసగా కనిపించాలి. ఎక్కడైనా నీడ వంకర పోయిందంటే సొట్ట. చుక్కలు చుక్కలుగా ఉంటే తుప్పు తిన్న గుంటలు. అన్నిటికన్నా నాకు నచ్చిన పరీక్ష ఇంకోటి. గొట్టాలను విడదీసి కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి, గోటితో కొట్టాలి. గుడిగంటలా సాగుతూ మోగితే రెండు గొట్టాలనూ కలిపిన అతుకు గట్టిగా ఉన్నట్టు. 'డబ్' మంటే ఎక్కడో విడిచిందని అర్థం.

ఆయన ఒక పాత ఇంగ్లిష్ తుపాకీ కూడా తీశాడు. గొట్టాల మీద పట్టుచీర అంచులా మెలికల డిజైను. డమాస్కస్ అంటారట. ఇనుప, ఉక్కు పట్టీలను పేనినట్టు చుట్టి అతికిన గొట్టం. నల్లమందు రోజుల్లో చేసినది. నేటి తూటాల ఒత్తిడికి అలాంటి గొట్టం పగిలిపోవచ్చు. ఇంకో పాతదాని గొట్టం డమాస్కస్ కాదు గానీ, తూటా కూర్చునే గది రెండున్నర అంగుళాలే. ఇప్పటి తూటాలు చాలావరకు రెండు ముప్పావు. లోపలికి చక్కగా పడుతుంది, చిక్కంతా అక్కడే. పేలినప్పుడు తూటా మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. 'గోడ మీద పెట్టుకోవడానికైతే ఇవి కొనండి సాబ్, చేను కాడికైతే వద్దు' అన్నాడు. తన దగ్గరున్న ఖరీదైన సరుకును తానే వద్దన్న వ్యాపారిని చాలా రోజుల తర్వాత చూశాను.

చివరిది కొలత. చెప్పుల్లాగే తుపాకీ కూడా మనిషికి సరిపోవాలి. కళ్లు మూసుకుని భుజానికి ఆనించి, కళ్లు తెరిస్తే ముందున్న పూస సూటిగా కనబడాలి. మెడ వంచో, చాచో వెతకాల్సి వస్తే అది మన తుపాకీ కాదు. చిన్నాయన పొట్టి. నాలుగు తుపాకులు పట్టాక అయిదోది కుదిరింది. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ డబుల్ బ్యారెల్, ఒక చేయి మారినది. పాలిష్ పోయింది, కర్ర మీద గీతలున్నాయి. ఊపితే కదల్లేదు. కొడితే మోగింది.

80 వేలు పంచితే

తుపాకీకి 44 వేలు. అయితే బడ్జెట్ అక్కడితో అయిపోదు. గోడకు బోల్టులతో బిగించే ఉక్కు లాకరుకు 7 వేలు. దుకాణంలోనే విప్పి స్ప్రింగులు, పిన్నులు చూసి నూనె పెట్టినందుకు 3 వేలు. తూటాలు, తుడిచే కర్ర, సంచి కలిపి 6 వేలు. మిగిలిన 20 వేలు? పక్క చేను రైతుతో కలిసి వేసిన సోలార్ కంచెలో మా వాటా.

ఆ ఆఖరి ఖర్చు చిన్నమ్మ గెలుచుకున్నది. ఇంట్లో తుపాకీ అన్నప్పటి నుంచి ఆమెకు నిద్రలేదు. మనవలు ఎనిమిదేళ్ల వాడొకడు, అయిదేళ్లది ఒకతి. 'పందులకు బయపడి పామును తెచ్చి ఇంట్ల పెడతవా?' అని నిలదీసింది. వాళ్లిద్దరి మధ్య కుదిరిన ఒప్పందం ఇది: తుపాకీ లాకరులో, తూటాలు వేరే బీరువాలో, రెండు తాళాలు ఇద్దరి దగ్గర. పంట లేని నెలల్లో తుపాకీ డీలరు దగ్గరే డిపాజిట్. ఎన్నికలొస్తే ఎలాగూ పోలీస్ స్టేషన్లో అప్పగించాల్సిందే. అన్నిటికన్నా ముందు కంచె.

సోలార్ కంచె ఆగి ఆగి చిన్న షాకు కొడుతుంది, చంపదు. దీనికీ, కరెంటు తీగను నేరుగా చేను చుట్టూ లాగడానికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఆ తీగ పందిని చంపుతుంది, తెల్లారి నీళ్లు పెట్టడానికి వచ్చిన మనిషినీ చంపుతుంది. అలాంటి వార్తలు మా డెస్కు మీదికి వచ్చిన ప్రతిసారీ చదవడం కష్టమే. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇంకో చవకైన దారీ చెబుతున్నారు. మక్క చుట్టూ ఆముదం వరసలు, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ వేస్తే, ఆ వాసనకూ ముళ్లకూ పందులు వెనకాడతాయి. చిన్నాయన కంచె లోపల నాలుగు వరసల ఆముదం కూడా వేశాడు. దానికైన ఖర్చు బడ్జెట్‌లో రాయనంత తక్కువ.

నిరుడు వానాకాలం పంట ఇంటికొచ్చింది. పందులు రెండుసార్లు కంచె దాకా వచ్చి మళ్లిపోయాయి. మూల మీద కొంత పోయింది, అంతే. అటవీశాఖకు దరఖాస్తు పెట్టి ఉంచాడు గానీ దానికోసం తిరగాల్సిన అవసరం రాలేదు. డీలరు దగ్గర చూపించుకున్నప్పుడు తప్ప తుపాకీకి నూనె పెట్టే పనీ పెద్దగా పడలేదు. 44 వేలు వృథా కదా అని తోటి గార్డులు ఏడిపిస్తారట. చిన్నాయన జవాబు మాత్రం ఒకటే: 'కాల్చే పని పడకుంటె, అదే అగ్గువ.'