గుల్లసున్నం

పిడుగురాళ్ల సున్నం లారీల్లో దిగక ముందు, మా గోదావరి తీరపు ఊళ్లలో గోడలకు వేసే వెల్ల చాలామట్టుకు సముద్రం ఇచ్చిందే. కాకినాడ అఖాతంలో పాటు వేళకు నీళ్లు మోకాళ్ల కిందికి తగ్గితే ఆడా మగా గంపలు పట్టుకుని బురదలోకి దిగేవారు. కాళ్లతో తడిమి చేతులతో తీసేవారు. వీపు మీద గట్లుగట్లుగా గీతలు తేలి, పిడికిట్లో పట్టే బుడితగుల్ల ఒక రకం. అవతలి వెలుగు కనిపించేంత పల్చటి ఆలుచిప్ప ఇంకో రకం. లోపలి కండ కూరకి, చిప్ప బట్టీకి.

బట్టీ అంటే ఏదో పెద్ద కట్టడం కాదు. గుండ్రంగా మట్టిగోడ, అడుగున గాలి పోవడానికి కంతలు. ఒక వరస బొగ్గు, ఒక వరస గుల్ల, మళ్లీ బొగ్గు. బాగా కాలిన గుల్ల ఆకారం చెడదు, గీతలతో సహా అలాగే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది, బరువంతా ఎటో పోయిందని. లెక్కకి 100 కిలోల చిప్ప కాలిస్తే మిగిలేది 56 కిలోలు. తక్కిన 44 కిలోలూ బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తాయి. ఆ లెక్క అప్పట్లో ఎవరికీ అక్కర్లేదు. కావలసిందల్లా తెలుపు.

సున్నం మనిషి గంప నెత్తిన పెట్టుకుని సంక్రాంతి నెల పట్టగానే వచ్చేది. అమ్మమ్మ ఊరికే కొనేది కాదు. గంపలోంచి ఒక గుల్ల తీసి వేళ్ల మధ్య నలిపేది. పొడి రాలకపోతే పేచీ మొదలు.

“ఏమే, సగం కాలిన సరుకు తెచ్చినట్టున్నావు?”

“అయ్యబాబోయ్, అదేం మాటండమ్మగారూ! నీళ్లోసి చూడండి, పువ్వల్లే ఇచ్చుకోకపోతే అడగండి.”

నీళ్లు పోసేది పెరట్లో గోలెంలో. పోసిన వెంటనే ఏమీ జరగదు. అదే తమాషా. గుల్లలు ఊరికే నీళ్లు తాగుతూ కూర్చుంటాయి. ఇంతలో అడుగునెక్కడో చిటుక్కుమంటుంది. తర్వాత ఇంకోటి. ఆ పైన గోలెమంతా ఒక్కసారి బుసకొట్టి, ఆవిరి లేచి, గుల్లలు పగిలి, విచ్చుకుని, ముద్దయ్యేవి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానిచ్చేవారు కాదు, చుక్క పడితే కన్ను పోతుందని. మర్నాటికి చల్లారాక పాతచీర ముక్కలో వడకట్టి, తుమ్మజిగురూ చిటికెడు నీలిమందూ కలిపేవారు. అందులోంచే కాస్త మీగడలాంటిది తీసి అమ్మమ్మ తన ఇత్తడి సున్నపుకాయలో దాచుకునేది. ఎర్రనీళ్లు దిష్టి తియ్యాలన్నా, పెళ్లికూతురి కాళ్లకు పారాణి పెట్టాలన్నా ఆ కాయే తెరవాలి. పసుపులో సున్నం తగలగానే ఎర్రబడుతుంది, నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపుపచ్చనవుతుంది. క్షారం, ఆమ్లం అన్న మాటలు బళ్లో వినక ముందే వాటి తగవు మేం పళ్లెంలో చూశాం.

కుంచె ఆడినప్పుడు తడిగోడ బూడిదరంగులో వెలవెలబోయేది. ఆరేకొద్దీ తెలుపు తేలేది. అది ఉత్త ఆరడం కాదని చాలా ఏళ్లకు చదివి తెలుసుకున్నాను. బట్టీలో తను వదిలేసిన బొగ్గుపులుసును సున్నం గాలిలోంచి కొంచెం కొంచెంగా వెనక్కి పుచ్చుకుంటుంది. పుచ్చుకుని, చిప్పగా ఉన్నప్పుడు తను ఏ పదార్థమో మళ్లీ అదే అవుతుంది. అంటే గుల్ల వరకూ అప్పు తీరిపోయినట్టే. కాల్చడానికి వాడిన బొగ్గు పొగ లెక్క వేరు.

పోయినవన్నీ పుణ్యకాలపు సరుకులని రాయడం నాకు ఇష్టం లేదు. బట్టీ దగ్గర పనిచేసేవాళ్ల వేళ్లు సున్నం తిని పుళ్లు పడేవి, ఆ పొగకు దగ్గేవారు. గంపలో పెద్ద గుల్లతో పాటు పిల్లగుల్లా పడేది, ఎవరూ ఏరి వెనక్కి వేసేవారు కాదు. ఇంగ్లీషు దొరల కాలంలో మద్రాసు మేడలకు పాలరాతి నునుపు తెచ్చింది కూడా గుల్లసున్నమే. ఆ మేడల కోసం ఎన్ని గుల్లలు బట్టీలకెక్కాయో!

తర్వాత రాతిసున్నం వచ్చింది, సిమెంటు వచ్చింది, డిస్టెంపరు వచ్చింది. పల్నాటి రాయి కూడా ఒకప్పటి సముద్రపు అడుగే, గుల్ల అనే ప్రాణి ఇంకా పుట్టని కాలపు సముద్రం. దాన్ని తవ్వి కాలుస్తున్నాం. మనుషులు ప్రపంచమంతటా వదిలే బొగ్గుపులుసులో సుమారు 7, 8 శాతం ఒక్క సిమెంటుదే. ఇక బొగ్గు, పెట్రోలు సంగతి చెప్పనక్కర్లేదు. యంత్రాల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. మనం ఏటా వదిలేదాంట్లో దాదాపు నాలుగో వంతు సముద్రం మింగుతోంది. మింగింది నీళ్లలో ఆమ్లమవుతుంది. గుల్ల తన చిప్పకు వాడుకునే కార్బొనేట్‌ను ఆ ఆమ్లం ముందే పట్టేసుకుంటుంది. సముద్రపు పై నీళ్ల పీహెచ్ 8.2 నుంచి 8.1కి వచ్చింది. ఇంతేనా అనిపిస్తుంది. నీళ్లు ఇప్పటికీ క్షారం వైపే ఉన్నాయి కూడా. కానీ ఆ కొలతలో మెట్టుకీ మెట్టుకీ పదింతల తేడా, అందుకే ఈ చిన్న దిగుడుకే ఆమ్లగుణం 30 శాతం దాకా పెరిగింది.

ఈ మాట మా వైపు రొయ్యల రైతుకు విప్పి చెప్పనక్కర్లేదు. పీహెచ్ అతనికి ఉప్పూ పప్పూ లాంటి మాట. పగలు చెరువులో నాచు ఎండ తాగి బొగ్గుపులుసును లాక్కుంటుంది, పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి రొయ్యా నాచూ అన్నీ ఊపిరి వదులుతాయి, తెల్లారగట్లకు పడిపోతుంది. అందుకే చీకటుండగానే టార్చిలైటు పట్టుకుని గట్టు మీద చిన్న సీసాలో నీళ్లు ముంచి, చుక్కలు వేసి, రంగును అట్ట మీది రంగులతో సరిపోల్చుకుంటూ కూర్చుంటాడు. తగ్గితే తెల్లారేసరికి సున్నం బస్తాలు విప్పుతాడు. వనామీ రొయ్యకు పెంకు వదులయ్యే లూజ్ షెల్ వస్తే కొనేవాడు చెప్పే ధర ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఒక రాత్రిలో చెరువుకు జరిగేది సముద్రానికి రెండు వందల ఏళ్లుగా జరుగుతోంది. తేడా ఏమిటంటే, అక్కడ పగలు వచ్చి సర్దదు.

తీరం దగ్గర ఇంకో దెబ్బ కూడా ఉంది. ఊరి మురుగు, ఎరువుల నీళ్లు, ఆ చెరువులు వదిలే కుళ్లు, అన్నీ కాలవల వెంట మడ అడవి పక్కనుంచి అఖాతంలోకే చేరతాయి. అవి కుళ్లేటప్పుడు నీళ్లలోని ప్రాణవాయువును తినేసి బొగ్గుపులుసును వదులుతాయి, సరిగ్గా గుల్ల బతికే బురద మీదనే.

పెద్ద గుల్ల ఎలాగో ఓర్చుకుంటుంది. చిక్కంతా పిల్లది. పుట్టినప్పుడది నీళ్లలో తేలుతూ కంటికి ఆననంత ఉంటుంది. రెండు రోజులు తిరిగేలోగా తొలి చిప్ప కట్టుకోవాలి, అదీ ఇంకా తిండి తినడం రాకముందే, గుడ్డులోంచి తెచ్చుకున్న కాస్త శక్తితో. నీళ్లలో సరుకు తక్కువైతే ఆ శక్తి చిప్పకే ఖర్చయిపోతుంది. 2007లో అమెరికాలో ఆరెగాన్ తీరాన ఒక ఆయిస్టర్ హ్యాచరీలో పిల్లలు తొట్లకు తొట్లే చచ్చిపోయాయి. మొదట ఏదో సూక్ష్మజీవి అనుకున్నారు. చివరికి తేలింది, లోతుల్లోంచి పైకి తన్నుకొచ్చిన, ఆమ్లగుణం పెరిగిన నీళ్లని. ఇప్పుడు వాళ్లు తొట్లలోకి వచ్చే నీళ్లలో సోడా కలుపుకుని గట్టెక్కుతున్నారు. మన రైతు చెరువుకు సున్నం చల్లుకుంటున్నాడు. సముద్రంలోనే సున్నం కలిపితే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్న శాస్త్రవేత్తలూ ఉన్నారు. అంత సున్నం కావాలంటే రాయి కాల్చాలి, కాల్చినప్పుడు ప్రతి 100 కిలోలకీ ఆ 44 కిలోలు గాలిలోకి పోకుండా పట్టి దాచే ఉపాయం ముందు దొరకాలి.