నాపరాళ్ళ మీది మచ్చ

నంద్యాలలోని మా ఇంటి హాలులో పరచినవి బేతంచెర్ల నాపరాళ్ళు. ముప్పై ఏళ్ళ క్రితం నాన్నగారు తమ కొద్దిపాటి జీతంలోంచి కూడబెట్టి, ఒక్కొక్క రాయినీ ఎంచి తెప్పించి, వేయించి, పాలిష్ పట్టించిన నేల అది. ఆయన కన్నుమూశాక ఆ నేలపై అమ్మకు మమకారం మరింత పెరిగింది. కిటికీ పక్కన ఆమె నమాజుకు నిలబడే చోటు అద్దంలా మెరుస్తూ ఉండేది.

తమ్ముని వివాహం నిశ్చయమైన ఏడు మేడపై ఒక గది వేయాలనుకున్నాము. మెట్లు హాలులోనుంచే పైకి వెళ్ళాలి. అంటే రెండు నెలలపాటు ఇసుక, సిమెంటు, ఇటుకలు అన్నీ ఆ నేల మీదుగానే పోవాలి. వేరే ఇల్లు అద్దెకు తీసుకునే స్తోమత లేక అందరమూ అదే ఇంట్లో ఉండిపోయాము.

పని మొదలుపెట్టే ముందే బేల్దారి మేస్త్రీ ఒక మాట అన్నారు: “భాయ్, నేల మీద మందమైన అట్టలు పరుద్దాం. పరంజా కాళ్ళ కింద చెక్కలు వేద్దాం. పలుచని కవరు ఆగదు.” ఆ ఖర్చు మాకు అనవసరమనిపించింది. బజారులో చవకగా దొరికిన పాలిథిన్ షీటు తెచ్చి, నేలను సరిగా ఊడ్వకుండానే పరిచి, అంచులకు టేపు అంటించి, ఇక భయం లేదనుకున్నాము.

నాలుగు రోజులకే షీటు అక్కడక్కడ చిరిగింది. ఇసుక రేణువులు దాని కిందికి చేరాయి. మనుషులు తిరిగినప్పుడల్లా అవి గరుకు కాగితంలా రాయిని గీస్తూ వచ్చాయి. చిరుగుల్లోంచి సిమెంటు నీళ్ళు దిగాయి. పైకి షీటు కనిపిస్తూనే ఉంది గనుక నేల భద్రంగా ఉందని నమ్మాము. ఒక్కనాడైనా కొస ఎత్తి చూడలేదు.

పని ముగిసి షీటు తీసేసరికి నేల నిండా సన్నని గీతలు, గట్టిపడిన సిమెంటు చుక్కలు. పెళ్ళికి పది రోజులే ఉంది. ఆత్రంలో బాత్రూము కడిగే యాసిడ్ తెచ్చి పోసి రుద్దాము. సిమెంటు పోయింది. తడి ఆరాక చూస్తే ఆ చోట్లలో మెరుపు పోయి తెల్లని మచ్చలు తేలాయి. అన్నిటికంటే పెద్దది అమ్మ నమాజు చేసుకునే చోటనే.

“మీ సిమెంటు మా రాయిని తినేసింది” అని మేస్త్రీని నిలదీశాము. ఆయన ఏదో చెప్పబోయారు. మేము వినలేదు. ఆఖరి కూలి లెక్కలో రెండు వేల రూపాయలు తగ్గించి, మిగిలినది చేతిలో పెట్టాము. ఆయన లెక్కపెట్టుకోకుండానే జేబులో వేసుకుని, సలాం చెప్పి వెళ్ళిపోయారు.

పెళ్ళి హడావిడి తీరాక నేలకు మళ్ళీ పాలిష్ పట్టించడానికి ఒక పనివాణ్ణి పిలిచాము. అతడు మచ్చపై వేలు రాసి చూసి, “ఇక్కడ యాసిడ్ ఎవరు పోశారు?” అని అడిగాడు. పెరట్లో పడి ఉన్న నాపరాతి ముక్క తెచ్చి, సీసాలో మిగిలిన యాసిడ్‌ను ఒక చుక్క వేశాడు. చుక్క పడినచోట నురుగు పొంగింది. నాపరాయి సున్నపురాతి జాతిదని, బేతంచెర్లదైనా కడపదైనా తాండూరుదైనా అంతేనని, పాలరాయికి కూడా యాసిడ్ శత్రువేనని అతడు చెప్పాడు. చిన్నగా నిమ్మరసం పడి నిలిచినా మెరుపు తగ్గుతుందట.

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. అమ్మ మాత్రం ఒక్క మాటే అన్నది: “ఆ రెండు వేలు ఈ రాత్రి మన ఇంట్లో ఉండకూడదు.”

మగ్రిబ్ నమాజు తర్వాత మేస్త్రీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాము. తప్పు మాదేనని చెప్పి, క్షమించమని అడిగి, డబ్బు ఇచ్చాము. “యాసిడ్ పోశారా అని ఆ రోజే అడగబోయాను భాయ్” అన్నారాయన. మందలించలేదు. టీ తాగి వెళ్ళమన్నారు.

మరుసటి ఏడు వంటగది పని వచ్చినప్పుడు ఆయననే పిలిచి, ఏమేమి కప్పాలో, దేనితో కప్పాలో ఆయననే చెప్పమన్నాము. అప్పుడు నేర్చుకున్నవి మీ ఇంటికీ పనికివస్తాయని ఇక్కడ చెబుతున్నాము.

మొదట నేలను ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వాలి. కొత్తగా వేసిన రాయి అయితే కింది తడి పూర్తిగా ఆరేదాకా పాలిథిన్ కప్పరాదు. తడి లోపలే చిక్కుకుని రాయి రంగు మారుతుంది. ఆరిన నేలపై మందపాటి గట్టి అట్టలను ఒకదాని అంచు మీదికి మరొకటి వచ్చేలా పరచాలి. టేపును అట్టకూ అట్టకూ మధ్య వేయాలే గాని రాయికి అంటించరాదు. రోజులు గడిస్తే దాని జిగురు వదలదు. అచ్చు కాగితాలు, గోనె సంచులు నేరుగా రాయిపై వేయరాదు. తడిస్తే వాటి రంగు దిగుతుంది. చాలా నెలలు సాగే పనికి పాలిథిన్‌పై ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూత వేయించే పద్ధతీ ఉంది. అయితే అడుగు షీటుకు చిరుగు ఉండకూడదు.

మెట్లపై వదులుగా పాలిథిన్ పరిస్తే పెద్దవాళ్ళు జారిపడతారు. పాలిష్ పట్టిన తలుపులకు ముందు పాత నూలు దుప్పటి చుట్టి, దానిపైన షీటు కట్టడం మంచిది. కిటికీ అద్దాలపై, అల్యూమినియం చట్రాలపై సిమెంటు చిందితే తడిగా ఉండగానే నీళ్ళతో కడిగేయాలి. పని జరిగే గదికీ నివసించే గదులకూ మధ్య తెర కట్టాలి. లేకుంటే దుమ్ము పసిపిల్లల, ఆయాసం ఉన్నవారి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఖుర్ఆన్ గ్రంథాలున్న అరను, బట్టల బీరువాను ఆ దుమ్ము అందని గదికి ముందే మార్చుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, రోజూ పని ముగిశాక ఒక కొస ఎత్తి చూడటం. రెండోసారి మేస్త్రీ, మేము కలిసి ప్రతి సాయంత్రమూ అలాగే చూశాము. రెండుచోట్ల తడి దిగింది. అప్పటికప్పుడే తుడిచేశాము. వంటగది నేలపై ఒక్క గీత పడలేదు.

హాలులోని పెద్ద మచ్చ పాలిష్ పట్టించినా పూర్తిగా పోలేదు. అమ్మ ఇప్పటికీ అక్కడే నమాజు చేస్తుంది. ఎవరి ఇంట్లోనైనా పని పూర్తయ్యాక ఏదైనా పాడై కనిపిస్తే, పనివాని కూలి కోసే ముందు అతడు చెప్పేది ఒకసారి వినండి. ఆనాడు మేము ఆ ఒక్క నిమిషం ఆగి ఉంటే, ఒక కష్టజీవి సొమ్ము అన్ని రోజులు మా ఇంట్లో ఉండేది కాదు.