అబిడ్సులో బంగారు గడప

కల్వకుర్తి వాళ్ళకు పట్నంలో పనులు రెండే: ఒకటి ఆస్పత్రి, రెండు కోఠీ బజారు. అటువంటిది, మా కాలేజీ పిల్లలు పన్నెండుమందిని బస్సెక్కించి, ఆమనగల్లు, కడ్తాల్ మీదుగా తీసుకువెళ్ళి, నాంపల్లి స్టేషను రోడ్డులో ఒక పాత యిల్లు చూపించాను. "ఇల్లు చూడనీకి ఇంత దూరమా సార్?" అన్నాడొకడు. వాడి ఓటు చార్మినారుకు.

ఆ యింటి పేరు గోల్డెన్ త్రెషోల్డ్, అంటే బంగారు గడప. సరోజినీ నాయుడు 1905లో లండనులో అచ్చయిన తన తొలి కవితా సంపుటి పేరే యింటికీ పెట్టుకున్నారు. ఆమె వంగదేశీయుల బిడ్డ. భర్త డాక్టరు గోవిందరాజులు నాయుడుగారు తెలుగువారు. 1898లో మద్రాసులో జరిగిన ఆ కులాంతర వివాహానికి మన వీరేశలింగం పంతులుగారు పెద్దగా నిలిచారు. తెలుగు పాఠాలు చెప్పుకునే నావంటివాడికి ఆ పాటి చుట్టరికం చాలదూ?

1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలైంది యీ యింట్లోనే. చదువులు గచ్చిబౌలికి తరలినా, నాటకాలవాళ్ళు చాలాకాలం యీ యింటిని వదలలేదు. శిక్షణ శిబిరాలు పెట్టారు, ప్రదర్శనలిచ్చారు. కళ్ళజోళ్ళూ చేతికర్రలూ అద్దాల బీరువాల్లో దాచే యింటికన్నా, గొంతులు వినిపించే యిల్లే నాకు నచ్చుతుంది.

వరండాలో కూర్చోబెట్టి, ఆ సంపుటిలోని నేతగాళ్ళ పాట సంగతి చెప్పాను. తెల్లవారి పసిబిడ్డకు, పొద్దుగూకాక రాణిగారి పెళ్ళికి, వెన్నెల్లో చనిపోయినవాడికి బట్ట నేస్తారు వాళ్ళు. గద్వాల నుంచి వచ్చి మా దగ్గర చదువుకుంటున్న నేతగాళ్ళమ్మాయి ఒకతె వుంది. నూలు చీరకు పట్టు అంచు కలపడం ఎంత పనో ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

"ఒక్క పోగు తప్పితే మళ్ళ ఇప్పాలె సార్. కూలి ఎంతిచ్చిన్రో రాయలేదా?"

"లేదమ్మా," అన్నాను.

ఆ పుస్తకం మొదట్లో సరోజిని బొమ్మ గీసినది కవి యేట్సు తండ్రి. ఆయన కూతురు లిలీ, ఇంగ్లండులో చేతిపనులకు మర్యాద తెచ్చిన విలియం మోరిస్ కూతురి దగ్గర కుట్టుపని చేసింది. ఆ మోరిస్ బట్టలు కూడా డబ్బున్నవాళ్ళే కొనగలిగారు! ఇది చెబితే ఆ పిల్ల నవ్వింది. మిగిలినవాళ్ళు ఆలోచనలో పడ్డారు.

కాలేజీ వార్షికోత్సవానికి ఆ పాటను నాటికగా ఆడతామంటున్నారు. కూలి అడిగే వేషం ఆ అమ్మాయిదే. రాణిగారి వేషానికి మాత్రం యింకా ఎవరూ ముందుకు రాలేదు.