వెయ్యి పున్నముల భోజనం

పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు. ఆ లెక్కన వెయ్యి పున్నములు చూడాలంటే రెండు నెలలు తక్కువ 81 ఏళ్లు బతకాలి. సహస్ర చంద్ర దర్శనం అని మనవాళ్లు చేసే వేడుక వెనకున్న లెక్క అదే. అధిక మాసాలు కలుపుకునే తీరును బట్టి ఒక్కో ఇంట్లో ఒక్కో వయసులో చేస్తారు. మా అమ్మకి ఆ ఘడియ వచ్చేసరికి మేమంతా తలో ఊళ్లో ఉన్నాం. హోమం గుంటూరులో ఇంట్లోనే క్లుప్తంగా జరిపించాం. అందరం కలిసి చేసే భోజనం మాత్రం మైసూరులో పెట్టుకున్నాం. అమ్మే అడిగింది. పెళ్లయిన కొత్తలో నాన్నతో కలిసి దసరాకి వెళ్లి చూసిన ప్యాలెస్ దీపాలు మళ్లీ చూడాలంది. బెంగళూరులో ఉన్న మనవలకీ అది దగ్గరే.

ఎక్కడ తినాలో తేల్చే పని నా మీద పడింది. ఊరు కాని ఊళ్లో, ఎనభై దాటిన మనిషి నుంచి ఇంకా పళ్లు రాని పసిదాని దాకా నాలుగు తరాలు ఒకే చోట కూర్చుని తినాలంటే ఆ చోటు ఎలా ఉండాలి? ఇది చిన్న విషయం కాదని నేను మనసారా నమ్ముతాను. ముహూర్తానికి పంచాంగం చూసినంత శ్రద్ధగా దీన్నీ చూడాలి.

పిల్లలు వెంటనే ఫోన్లలో వెతికి నాలుగైదు పేర్లు పంపారు. ఒక్కోదానికి నాలుగున్నర నక్షత్రాలు. ఆ నక్షత్రాలు ఇచ్చినవాళ్లు ఎక్కువగా ఇద్దరో ముగ్గురో వెళ్లి, రుచి చూసి, ఫొటో తీసుకుని వచ్చినవాళ్లు. మోకాళ్లు వంగనివాళ్లు అక్కడ ఎలా కూర్చున్నారో, చెవి సరిగా వినిపించనివాళ్లకి పక్కవాళ్ల మాట అందిందో లేదో వాళ్లు రాయరు. రుచి ఒక్కటే కొలత అయితే వాళ్ల మాట చాలు. మా కొలత వేరు.

ముందు పూటా, వేళా తేల్చుకున్నాం. మైసూరు ప్యాలెస్‌ని ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజుల్లో రాత్రి ఏడింటి ప్రాంతంలో దాదాపు లక్ష బల్బులతో వెలిగిస్తారు. 1897లో ఒక పెళ్లి సందర్భంగా పాత ప్యాలెస్ కాలిపోతే 1912 నాటికి కట్టిన భవనం అది. దీపాలు చూసి, ఆ జనంలోంచి బయటపడి, బండి ఎక్కి హోటల్ చేరేసరికి తొమ్మిదవుతుంది. అమ్మ ఏడున్నరకల్లా మజ్జిగన్నం తిని మందులు వేసుకునే మనిషి. పసిదానికి ఆ వేళకి నిద్ర. ఇద్దరికీ కుదరని పూట ఎంత ఘనమైన విందు పెట్టినా అది మధ్యవయసు వాళ్ల పార్టీ అవుతుంది. అందుకని వేడుక మధ్యాహ్నానికి మార్చాం. దీపాల పూట ఇడ్లీ పొట్లాలు గదికే తెప్పించుకోవచ్చు. ప్రయాణంలో పెద్దవాళ్లతో పండుగ చేసుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే, రాత్రి భోజనం మానుకోండి. మధ్యాహ్నమైతే వెలుతురు ఉంటుంది, తిన్నది అరుగుతుంది, తర్వాత ఒక కునుకు తీయొచ్చు.

పేరున్న పాత హోటళ్ల సంగతి. ఆ దారిలో వాటికి కొదవలేదు. బెంగళూరు లాల్‌బాగ్ రోడ్డులోని ఎం.టి.ఆర్. 1924 నాటిది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యానికి కరువొస్తే బొంబాయి రవ్వతో ఇడ్లీ చేసింది వాళ్లేనంటారు. గాంధీ బజారులోని విద్యార్థి భవన్ 1943లో మొదలైంది. మసాలా దోసెల పళ్లాలు మోచేతి దాకా దొంతరగా పేర్చుకుని వచ్చే వడ్డనవాళ్లని చూడటానికే అక్కడికి వెళ్లొచ్చు. ఇలాంటి చోట్ల నాకు గొప్ప ప్రేమ. కానీ అక్కడ పేరు రాయించి నిలబడాలి, ఖాళీ అయిన చోట ఎవరి పక్కనో సర్దుకోవాలి, తినగానే లేవాలి, వెనక ఇంకొకరు కాచుకుని ఉంటారు కాబట్టి. ఆ హడావుడి ఆ హోటళ్ల ప్రాణం. మా పెదనాన్న కొడుకు లాంటి వాళ్లకి అది పనికిరాదు. కొన్ని రకాల ఇన్సులిన్ అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి. సూది వేసుకున్నాక పిలుపు ముప్పావుగంట ఆలస్యమైతే చక్కెర పడిపోయి చెమటలు పడతాయి. అందుకే పేరున్న టిఫినునీ పండుగ భోజనాన్నీ వేరు చేశాను. టిఫినుకి పొద్దున్నే ఇద్దరు ముగ్గురుగా వెళ్లొచ్చు. భోజనానికి మాత్రం మాకంటూ ఒక మూల కావాలి, లేవమని ఎవరూ అనని చోటు కావాలి.

ఫోన్‌లో అడిగితే అందరూ "అన్నీ ఉన్నాయండీ" అనే అంటారు. అబద్ధమాడాలని కాదు, మెట్లు రోజూ ఎక్కేవాళ్లకి అవి మెట్లుగా కనిపించవు. అందుకని నేనూ మా వదినా ఒకరోజు ముందే మైసూరు చేరి, మధ్యాహ్నం భోజనాల వేళకే రెండు మూడు చోట్లకి వెళ్లి చూశాం. ఒకచోట వాకిట్లో రెండే మెట్లు, పక్కన రేకు వేసి వాలు చేశారు. చక్రాల కుర్చీకి వాలు ఎలా ఉండాలంటే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు కావాలి. వాళ్లది నాలుగడుగులు కూడా లేదు. దాని మీద కుర్చీ నెట్టాలంటే ఇద్దరు మగవాళ్లు పట్టుకోవాలి, కూర్చున్న మనిషి ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. ఇంకోచోట భోజనాల గది కిందే, బాత్‌రూమ్ మాత్రం మేడ మీద. ఇది చాలామంది చూడరు. బాత్‌రూమ్ దూరమని తెలిస్తే పెద్దవాళ్లు నోరు విప్పి చెప్పరు, మంచినీళ్లు తాగడం మానేస్తారు. వేడుకంతా దాహంతో కూర్చుంటారు. కమోడ్ ఉందా, లేచేటప్పుడు పట్టుకోవడానికి ఏదైనా ఉందా, నేల తడిగా ఉందా అని వదిన లోపలికి వెళ్లి చూసి వచ్చింది.

కుర్చీలు కూడా. మెత్తటి సోఫాలు వేసిన చోటు చూడటానికి బాగుంటుంది. అందులో కూర్చున్న ముసలివాళ్లని లేపాలంటే రెండు చేతులూ పట్టి లాగాలి. అడుగున్నర ఎత్తుండి, రెండు వైపులా చేతులున్న గట్టి కుర్చీ కావాలి. చేతులు ఆన్చి తనంతట తాను లేవగలిగితే ఆ మనిషి మర్యాద మనిషికి దక్కుతుంది.

ఆ తర్వాత చప్పుడు. గచ్చు నేల, అద్దాల గోడలు, పైన పెద్ద పాట ఉన్న చోట ఇరవైమంది కూర్చుంటే మాట మాటని మింగేస్తుంది. వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్లకి గిన్నెల మోత కూడా మాటంత పెద్దదిగానే వినిపిస్తుంది. వాళ్లు కాసేపు తలూపి, ఆ తర్వాత తలవంచుకుని తింటారు. అందరూ తన కోసమే వచ్చిన రోజున ఒక మనిషి అలా ఒంటరిగా తినడం కంటే దిగులైన దృశ్యం నాకు తెలియదు. అందుకని అమ్మ వీపు వెనక గోడ ఉండే చోటు, కుడిచెవి వైపు మనుషులు ఉండే చోటు, పాట తగ్గించమంటే తగ్గించే యజమాని, ఈ మూడూ చూసుకున్నాం.

చివరికి దొరికింది ఒక మామూలు శాకాహార భోజనశాల. పేరుప్రఖ్యాతులు లేవు. మెట్లు లేవు. వెనక ఒక గది, ఆ గదికి కిటికీ, అరిటాకు భోజనం.

శాకాహారం మీద ఇంట్లో చర్చ జరిగింది. కుర్రాళ్లకి బెంగళూరు ఆంధ్రా హోటళ్ల పచ్చిమిరపకాయల చికెన్ మీద మనసు. ఆకులో పప్పు, పొడి, నెయ్యి, ఆవకాయ వేసి మారు వడ్డించే ఆ హోటళ్లు పరాయి రాష్ట్రంలో మన వంటకి తెచ్చిన పేరు తక్కువేం కాదు. కానీ మాంసం వడ్డించే చోట అమ్మకి ముద్ద దిగదు. ఆ కాలం మనిషి. మా చిన్నప్పుడు ప్రయాణమంటే పులిహోర, దద్ధోజనం గిన్నెల్లో కట్టుకుని బయలుదేరేది. హోటల్ మెతుకు ముట్టడానికే ఆమెకి చాలా ఏళ్లు పట్టింది. అంత దూరం ఆమె మనకోసం నడిచి వచ్చినప్పుడు ఒక్క పూట మనం నడిస్తే తప్పేముంది? రాత్రికి మీ ఇష్టం వచ్చిన చోట తినండని పిల్లలకి చెప్పాం. వాళ్లు అడ్డు చెప్పలేదు.

ఆకు భోజనంలో ఇంకో సుఖం ఉంది. ఇంతమందికి మెనూ కార్డు చూసి ఒక్కొక్కరు ఒక్కోటి చెబితే ఒకరిది రావడానికి పది నిమిషాలు, ఇంకొకరిది రావడానికి నలభై. ఒకరు చెయ్యి కడుక్కునే వేళకి ఇంకొకరికి మొదటి ముద్ద. ఆకు వేస్తే అందరిదీ ఒకేసారి మొదలవుతుంది. కన్నడం వాళ్ల వరస మనకి కొత్తేమీ కాదు. కోసంబరి అంటే మన వడపప్పే, కొబ్బరీ దోసకాయా కలుస్తాయి. తొవ్వె అంటే నెయ్యి వేసుకు కలుపుకునే మెత్తటి పప్పు. సాంబారులో బెల్లం ముక్క పడుతుంది, గుంటూరు నాలుకకి అది తెలుస్తుంది. ఆవకాయ సీసా మేం తెచ్చుకుంటామంటే యజమాని నవ్వి సరేనన్నాడు. అమ్మకి అన్నం ఇంకాస్త మెత్తగా, పెరుగు ఫ్రిజ్‌లోంచి తీయకుండా, కూరలో ఉల్లి లేకుండా ఇవ్వగలరా అని ముందురోజే అడిగి పెట్టుకున్నాం. వడ్డన వేళ అడిగితే ఏ వంటవాడూ చేయలేడు. ముందు అడిగితే కాదనేవాళ్లు అరుదు.

ఇంత పట్టుదల ఎందుకని వదిన ఒకసారి అడిగింది. "మీ ఇంట్లో ఎన్ని పెళ్లిళ్లు జరగలేదు వదినా, ఇంత చూశారా ఎప్పుడైనా?"

పెళ్లిళ్లే కాదు, పుట్టినరోజులు, తద్దినాలు, సంక్రాంతులు, గృహప్రవేశాలు, ఇంట్లో జరిగిన వేటిలోనూ అమ్మ మొదటి పంక్తిలో కూర్చుని తినగా నేను చూడలేదు. పిల్లల పంక్తి, మగవాళ్ల పంక్తి, చుట్టాల ఆడవాళ్ల పంక్తి, అన్నీ లేచాక గిన్నెల అడుగున మిగిలిన కూరతో వంటింట్లో పీట మీద అమ్మ. ఆ వేళకి గారెలు చల్లారేవి, పాయసం గడ్డకట్టేది. ఎవరూ కూర్చోవద్దనలేదు. కూర్చోమని కూడా గట్టిగా ఎవరూ అనలేదు. ఇంట్లో కూర్చోబెడదామన్నా ఆమె కూర్చోదు, పొయ్యి ఆమెదే, గరిటె ఆమెదే. వంటిల్లు కనబడని చోట, వడ్డించేవాళ్లు వేరే ఉన్న చోట మాత్రమే ఆ మనిషి మొదటి పంక్తిలో వేడి అన్నం తినగలదు. హోటల్ భోజనానికి నా లెక్కలో ఉన్న విలువ అది. పెద్దవాళ్లని హోటల్‌కి తీసుకెళ్లడం ఇల్లు చేతకాని వాళ్ల పని అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఆ ఒక్క గంటా ఆమె లేవకుండా, ఇబ్బంది పడకుండా కూర్చోవాలి. అందుకే మెట్లు చూశాం, కుర్చీలు చూశాం.

కూర్చోబెట్టడం కూడా ఆలోచించి చేశాం. పొడుగాటి బల్ల ఒక్కటే వేస్తే ఈ చివర మాట ఆ చివరికి చేరదు, చివరన ఉన్నవాళ్లు ఫోన్లు తీస్తారు. బల్లల్ని మూడు వైపులా వేయించాం, మధ్యలో వడ్డించేవాళ్లకి దారి. అమ్మని పెద్దరికానికని ఒక కొసన పెట్టకుండా నడుమ కూర్చోబెట్టాం. కుడిపక్కన తాతమ్మని వదలని మనవరాలి కూతురు, ఎడమపక్కన ఆమె చెల్లెలు, మా పిన్ని. కొడుకులూ కోడళ్లూ ఎదురుగా. రోజూ చూసేవాళ్లు దూరంగా, అరుదుగా చూసేవాళ్లు దగ్గరగా.

కానీ ఆకుల్లో అన్నం పడగానే అమ్మ చూపు అందరి ఆకుల మీద తిరగడం మొదలైంది. ఎవరికి ఏది రాలేదో ఆమెకి తెలిసిపోతోంది. ముద్ద కలపలేదు. చేతులు ఊరుకోవడం లేదు. అప్పుడు అన్నయ్య లేచి వెళ్లి నెయ్యి గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె లేచింది, మనవడు మోచెయ్యి పట్టుకున్నాడు. వడ్డించే అబ్బాయి పప్పు గిన్నెతో ఒక అడుగు వెనకే ఆగి, ఆమె నెయ్యి వేసిన ఆకు దగ్గరకే మెల్లగా వచ్చాడు. అతనికి ఎవరూ చెప్పలేదు. ఒక్క చుట్టు. తర్వాత వచ్చి తన కుర్చీలో కూర్చుని, వేడి వేడి పప్పన్నం కలుపుకుంది. ఆమె ఆకులో నెయ్యి మా పిన్ని వేసింది.

బిల్లు దగ్గర పోట్లాట రాకుండా అన్నయ్య ముందురోజే కొంత కట్టేశాడు. అందరి ముందూ "నేనిస్తానంటే నేనిస్తాన"ని లాక్కుంటుంటే పెద్దవాళ్లకి తామో ఖర్చయినట్టు అనిపిస్తుంది. పెద్ద గుంపులు వెళ్లినప్పుడు సర్వీసు చార్జీ అని కొన్నిచోట్ల కలుపుతారు. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇక్కడ అలాంటిదేమీ కలపలేదు. ఇవ్వాల్సింది వడ్డించిన చేతికి ఇవ్వడమే నాకు నచ్చుతుంది. అమ్మ ఆ అబ్బాయిని పిలిచి తన సంచీలోంచి తీసి తనే ఇచ్చింది. మీ సాంబారులో బెల్లం తగ్గించమని కూడా చెప్పింది, తెలుగులోనే. అతను తలూపాడు.

బండి ఎక్కాక పిల్లలు మర్నాడు పొద్దున నజర్‌బాద్‌లో మైలారి దోసెకి వెళ్లాలని మాట్లాడుకుంటున్నారు. ఆ దోసె కరకరలాడదు, దూదిలా మెత్తగా ఉంటుంది, పైన వెన్న పెడతారు, చోటు మాత్రం ఇరుకు అని ఎవరో అన్నారు. అమ్మ వెనక సీట్లోంచి, జనం రాకముందే వెళ్దాం, తననీ ఆరింటికే లేపమంది.