లింగశరీరము – సుబ్బారావుగారి ఆక్షేపణ

లింగశరీరమనగా ఏమి? వేదాంతసారము చదివిన విద్యార్థి తడుముకొనకుండ సమాధానము చెప్పును. జ్ఞానేంద్రియములు ఐదు, కర్మేంద్రియములు ఐదు, ప్రాణములు ఐదు, మనస్సు, బుద్ధి – ఈ పదునేడు అవయవములు గల సూక్ష్మశరీరమే లింగశరీరము. స్థూలదేహము పడిపోయినను ఇది పడిపోదు. వాసనలను మూటగట్టుకొని ఒక దేహము నుండి మరొక దేహమునకు ప్రయాణించునది ఇదే. ఇదే ప్రశ్నను దివ్యజ్ఞాన సమాజమువారి గ్రంథములతో పెరిగినవారిని అడిగినచో సమాధానము వేరుగా ఉండును. స్థూలదేహమునకు అచ్చువంటి ఛాయాదేహమే లింగశరీరమనియు, మరణానంతరము శవముతోపాటు అదియు క్రమముగా శిథిలమగుననియు వారు చెప్పుదురు. మాట ఒక్కటే. అయినను ఒకరికి అది జన్మాంతరయాత్ర చేయునది, మరొకరికి శ్మశానము దాటనిది.

మా మాతామహుల ఇంట రెండు పుస్తకముల పెట్టెలు ఉండెడివి. ఒకదానిలో శాంకరభాష్యములు, రెండవదానిలో అనీబిసెంటు, లెడ్‌బీటరు, సిన్నెట్ల ఆంగ్లగ్రంథములు. ఆయన రెండింటిని సమానగౌరవముతో చదివెడివారు. ఆ తరములో ఆంగ్లవిద్య అభ్యసించిన అనేకులకు రెండవ పెట్టెయే మొదటి పెట్టెకు తాళముచెవి అయినది. అందువలన ఈ విషయమును గూర్చి వ్రాయునపుడు నాలో కృతజ్ఞతయు ఉన్నది, పేచీయు ఉన్నది.

కృతజ్ఞత సంగతి ముందు. 1875 నవంబరులో న్యూయార్కు నగరమున స్థాపితమైన సమాజము, 1879లో బొంబాయికి, 1882 చివర మదరాసు అడయారుకు తరలివచ్చినది. పాశ్చాత్య విద్యాధికులు మన శాస్త్రములను పరిహసించుచున్న కాలమది. ఆ కాలములో ఒక రష్యను స్త్రీ, ఒక అమెరికను కర్నలు వచ్చి మీ ఋషులు చెప్పినది సత్యమనిరి. ఆ మాటకు ఎంత బలమున్నదో నేడు మనము ఊహించుట కష్టము. 1889 ప్రాంతమున లండనులో ఉన్న గాంధీగారిని గీత చదువుమని ప్రేరేపించినవారు ఈ సమాజమునకు చెందిన ఇద్దరు ఆంగ్లేయులే; చదివినది ఆర్నాల్డు ఆంగ్లానువాదము. 1886లో ఆల్కాటు నెలకొల్పిన అడయారు గ్రంథాలయము తాళపత్రములను కాపాడినది, ఉపనిషత్తులను సవ్యాఖ్యానముగా ముద్రించినది. బ్లావట్‌స్కీ ప్రదర్శించిన మహిమలు నిజములా, కనికట్టులా అను పాత వివాదములో నాకు ఆసక్తి లేదు. నా పేచీ పరిభాషతోనే.

యూరపులో తారాదేహమను భావన బహుప్రాచీనము. గ్రహనక్షత్రముల తేజస్సుతో ఏర్పడిన సూక్ష్మదేహమును గూర్చి నవ్యప్లేటోవాదులు చెప్పినారు, పారసెల్సస్ చెప్పినాడు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఎలిఫాస్ లెవీ అను ఫ్రెంచి రచయిత తారాతేజస్సును విశ్వవ్యాప్తద్రవ్యముగా వర్ణించినాడు. బ్లావట్‌స్కీ 1877లో ప్రకటించిన తొలి బృహద్గ్రంథములో మనుష్యుడు దేహము, జీవము, ఆత్మ అని ప్రధానముగా త్రివిధుడే. ఏడు తత్త్వముల పట్టిక ఆమె భారతదేశమునకు వచ్చిన తరువాత రూపొందినది. సిన్నెట్టు 1883లో దానిని లోకప్రసిద్ధము చేసినాడు. నా అభిప్రాయములో జరిగినది ఇది: తమ తారాదేహమునకు సంస్కృతనామము వెదకుకొనుచుండగా లింగశరీరమను మాట దొరకినది, అర్థమును విడిచి మాటను తీసికొనిరి. చక్రముల విషయములోను ఇట్లే. 1927లో లెడ్‌బీటరు ప్రకటించిన చక్రగ్రంథములో స్వాధిష్ఠానమునకు బదులుగా ప్లీహచక్రము కనిపించును. షట్చక్రనిరూపణములో మణిపూరము నీలమేఘవర్ణము గల దశదళపద్మము. నేటి యోగశాలల గోడలమీది పటములలో అదే చక్రము పసుపు రంగులో, ఇంద్రధనుస్సులో మూడవ వర్ణముగా వెలుగుచున్నది. ఆ పటములు హైదరాబాదులోను అమ్ముడగుచున్నవి.

ఈ అర్థభేదమును అందరికంటె ముందుగా, సమాజము లోపలనుండియే పట్టుకొన్నవాడు మన తెలుగువాడు. కాకినాడలో చదువుకొని, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రుడై, మదరాసు హైకోర్టులో వకీలుగా ఉన్న తల్లాప్రగడ సుబ్బారావుగారు. 1856లో పుట్టి, 1890లో, ముప్పదినాలుగేండ్లు నిండకుండనే చర్మవ్యాధితో గతించినారు. ఆ స్వల్పజీవితములో చివరి తొమ్మిదేండ్లు మాత్రమే ఆయన ఈ విషయములపై వ్రాసినారు, మాట్లాడినారు. బ్లావట్‌స్కీ తన రహస్యసిద్ధాంతగ్రంథపు వ్రాతప్రతిని సంస్కరణార్థము యూరపునుండి అడయారుకు పంపినది ఆయనకొరకే. తప్పులను దిద్దవలెనన్నచో గ్రంథమంతయు తిరిగి వ్రాయవలసి వచ్చునని ఆయన నిరాకరించినట్లు ఆల్కాటు వ్రాసియున్నాడు.

1886 డిసెంబరులో అడయారు సభలో సుబ్బారావుగారు గీతపై నాలుగు ఉపన్యాసములిచ్చినారు. మొదటిదానిలోనే, ఏడు తత్త్వముల విభాగమును తాను స్వీకరించుటలేదని, అది శాస్త్రీయము కాదని స్పష్టముగా చెప్పినారు. ఆ సభలో ఆ మాట చెప్పుట సామాన్యము కాదు. 1887లో సమాజపత్రికలో వారిరువురి మధ్య వాదోపవాదములు నడచినవి. 1882లో తామే సప్తతత్త్వములపై వ్యాసము వ్రాసియుండిరి గనుక ఆయన స్థితి కొంత ఇబ్బందికరమైనదే. అయినను ఆయన వాదములోని సారము చెక్కుచెదరలేదు.

ఆ సారమేమనగా: పొరలను లెక్కించుట తత్త్వవిచారము కాదు. ఉల్లిపాయకు పొరలెన్ని అని లెక్కించినట్లు మనుష్యునికి ఏడు, తొమ్మిది, పన్నెండు అని ఎన్నియైనను చెప్పవచ్చును. వేనిని ఆశ్రయించి చైతన్యము ఇతరనిరపేక్షముగా వ్యవహరింపగలదో అవియే ఉపాధులు. అవి మూడే – స్థూలము, సూక్ష్మము, కారణము. వాటిని ప్రకాశింపజేయు చైతన్యము నాల్గవది. జాగ్రత్స్వప్నసుషుప్తులు ప్రతిమనుష్యునికి ప్రతిదినము అనుభవసిద్ధములు. నమ్ముటకు ఏ దివ్యదృష్టియు అక్కరలేదు. ప్రాణమునకు, ఛాయాదేహమునకు వేరువేరు అవస్థలు లేవు గనుక వాటిని వేరు తత్త్వములుగా నిలబెట్టుటకు ఆధారము లేదు. మాండూక్యము చదివినవారికి ఇందులో క్రొత్తదనము కనిపించదు. క్రొత్తదనము లేకపోవుటయే దాని బలము. 1888లో వెలువడిన తన గ్రంథములో బ్లావట్‌స్కీ మూడు విభాగములను ఒకే పట్టికలో చూపించి, రాజయోగసాధన మట్టుకు తారకయోగుల ఈ విభాగమే ఉత్తమమని అంగీకరించినది. ఆ ఏటనే సుబ్బారావుగారు సమాజమునకు రాజీనామా ఇచ్చినారు.

ఇది నూటముప్పదియేండ్లనాటి పండితకలహము గదా, నేడు దానితో పని ఏమి అని అడుగువారు ఉండవచ్చును. నాకు పని పడినది.

మా ఆదివారపు ఉపనిషత్పాఠమునకు వచ్చు పెద్దలొకరు గణితశాస్త్రము బోధించి విశ్రాంతి తీసికొన్నవారు. రెండేండ్ల క్రిందట వారి భార్య గతించినది. ఆ తరువాత వారు లెడ్‌బీటరు వ్రాసిన పరలోకవర్ణనలను పట్టుకొన్నారు. ఒకనాడు పాఠము ముగిసి అందరు లేచిపోయిన తరువాత, “ఆవిడ ఇప్పుడు దేవచన్‌లో ఉండవలెనండీ. ఈ పుస్తకములో ఉన్నంత స్పష్టముగా మీ ఉపనిషత్తు చెప్పదేమి?” అని అడిగినారు.

ఛాందోగ్యము చెప్పకపోలేదు. ఐదవ అధ్యాయములో ధూమము, రాత్రి, కృష్ణపక్షము, దక్షిణాయనము, పితృలోకము, ఆకాశము, చంద్రుడు అని మజిలీలన్నియు ఉన్నవి. వర్షముగా దిగి ధాన్యములో చేరుటయు ఉన్నది. కాని అక్కడ ప్రయోజనము వైరాగ్యము. చూచి వచ్చినవాని యాత్రావర్ణనము కాదు. ఈ మాట చెప్పితిని. దేవచన్ అను మాటలో మన ‘దేవ’ శబ్దము లేదని, అది సుఖావతీలోకమునకు టిబెట్టుభాషలోని పేరని కూడ చెప్పితిని.

ఆయన ముఖము వాడినది. “అయితే ఆవిడ లేని ఊరిలో ఉన్నదంటారా?” అన్నారు.

శాస్త్రచర్చలో ఇటువంటి క్షణము వచ్చినపుడు పదవ్యుత్పత్తి ఎందుకు? మాటకు వ్యుత్పత్తి తప్పైనంతమాత్రమున ఆమె గతికి లోపము రాదంటిని. తరువాత, ఆ పుస్తకములవారు ఆ లోకమును ఎట్లు వర్ణించిరో మీరే చెప్పుడని అడిగితిని. ఆయన శ్రద్ధగా చెప్పినారు: అక్కడ జీవుడు తాను ప్రేమించినవారినందరిని తనచుట్టు చూచుచుండును, వియోగము తెలియదు, మరణించితినన్న స్మృతియు ఉండదు. “ఆవిడ దగ్గర నేనూ ఉన్నానన్నమాట” అన్నారు. కొంతసేపు ఊరకుండి, లెక్కలో ఒక మెట్టు తప్పినట్లు తోచినవాని వలె తల ఎత్తి, “కాని నేను ఇక్కడ ఉన్నాను గదండీ. అక్కడున్న నేను ఎవరు?” అన్నారు.

ఆమె చిత్తము కల్పించుకొన్న రూపమే. సమాజగ్రంథములును దీనిని దాచవు. ఆ స్థితిని స్వప్నముతోనే పోల్చును. అనగా ఏడు తత్త్వములు, ఏడు భూమికలు దాటి వెళ్లినను, చేరినది మన మాండూక్యము రెండవ పాదముగా చెప్పిన తైజసావస్థకే. సుబ్బారావుగారి నాలుగింటిలో అది సూక్ష్మోపాధి. స్వప్నము అసత్యమని త్రోసివేయుటకు ఈ మాట చెప్పుటలేదు. స్వప్నములోని దుఃఖము ఎంత నిజమో సుఖమును అంతే నిజము. ఆమె సుఖముగా ఉన్నదన్న ఆయన విశ్వాసమును కదిలించు హక్కు నాకు లేదు.

పుస్తకమును ఆయన విడువలేదు, విడువుమని నేనును చెప్పలేదు. మొన్నటి మహాలయపక్షమున తిథినాడు శ్రాద్ధము పెట్టినారు. భోక్తలకు స్వయముగా వడ్డించినారు. ప్రస్తుతము మాండూక్యము నడచుచున్నది. నాల్గవ మంత్రమున తైజసుని ప్రవివిక్తభుక్కు అన్నచోట ఆయన ఆగినారు. సూక్ష్మమును అనుభవించువానికి ఎదుట వస్తువు లేనపుడు అనుభవమునకు నిమిత్తమేమని అడిగినారు. వాసనలేయని భాష్యము చూపితిని. ఆ వాసనలలో తన పాలు ఎంత, ఆవిడ పాలు ఎంత అన్నారు. మూడు వారములైనది, ఐదవ మంత్రమునకు ఇంకను వెళ్లలేదు.