మా చీరాల బజారు

మా పుట్టిల్లు చీరాల. ఈ మాట ఎక్కడ చెప్పినా ఎదుటివాళ్ళు అడిగేది ఒక్కటే. "అయితే బట్టలు చవగ్గా దొరుకుతాయటగా?" హైదరాబాదుకి కాపురానికి వచ్చి ముప్పై ఏళ్ళయినా ఆ ప్రశ్న మారలేదు. నేనూ నవ్వి "దొరక్కేం, చిన్న బొంబాయి అంటారు మా ఊర్ని" అని గొప్పగా చెబుతుంటాను. గత ఆరేళ్ళుగా ఆ చిన్న బొంబాయిలో నేనొక జాకెట్టు ముక్క కూడా కొనలేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పను.

నాన్న పోయాక అమ్మని మా ఇంటికి తెచ్చుకున్నాం. చీరాల ఇల్లు అద్దెకిచ్చేశాం. ఇక వెళ్ళే పనేముంది? చీర కావాలంటే చేతిలో ఫోనుంది. నచ్చకపోతే వాళ్ళే వచ్చి తీసుకెళ్తారు. అలా సాగిపోతుండగా మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. పెట్టుబడి బట్టల లిస్టు రాస్తుంటే అమ్మ ఒకటే పట్టు పట్టింది. "నా మనవరాలి పెళ్ళికి బట్టలు చీరాలలోనే తీయాలి. నన్ను తీసుకెళ్తారా, నేనే రైలెక్కనా?"

ఎనభై ఏళ్ళ మనిషి అంత మాట అన్నాక ఇంకేం చేస్తాం! దసరాకి ముందు ఒక శుక్రవారం అమ్మా, నేనూ, మా అమ్మాయీ రైలెక్కాం.

చీరాలలో దిగగానే సముద్రం కనిపిస్తుందనుకునేవాళ్ళు చాలామంది. కనిపించదు. ఓడరేవు ఊరికి ఆరేడు కిలోమీటర్ల దూరం. కానీ స్టేషను బయటికొచ్చి నిలబడితే ఒంటికి జిడ్డుగా తగిలే గాలి చెప్పేస్తుంది ఇది సముద్రం పక్క ఊరని. ఆటోలో గడియార స్తంభం సెంటరుకి వచ్చాం. ఇడ్లీ బండి దగ్గర పొగలు, అరటిపళ్ళ బండ్లు, తాళాలు తీస్తున్న కొట్లు, వాకిట్లో నీళ్ళు చల్లుతున్న కుర్రాళ్ళు. "ఏం మార్లేదే" అన్నాను. అమ్మ మాట్లాడలేదు. కాసేపటికి నాకే తెలిసింది మార్పేమిటో. బట్టల కొట్లున్న చోట నాలుగైదు సెల్‌ఫోన్ షాపులొచ్చాయి.

చీరాల బట్టల వ్యాపారానికి గుండెకాయ ఎంజీసీ మార్కెట్. మహాత్మా గాంధీ క్లాత్ మార్కెట్ అన్నమాట. లోపల సందుల్లో నడుస్తుంటే అటూ ఇటూ కొట్లే. గుమ్మం ముందు చెప్పులు విప్పాలి. లోపల తెల్ల దుప్పటి పరిచిన పరుపులు, గోడల నిండా తానులు, మూలన గల్లాపెట్టె. పల్లెటూళ్ళలో చిన్న కొట్లు పెట్టుకున్నవాళ్ళు, సైకిళ్ళ మీదా మోపెడ్ల మీదా మూటలు కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు సరుకు తీసుకెళ్ళేది ఇక్కణ్ణించే. చుట్టుపక్కల జాండ్రపేట, పేరాల, ఈపూరుపాలెం, వేటపాలెం వైపు మగ్గాలుంటాయి. మగ్గం మీద నేసింది కొట్టుకొస్తుంది. కొట్లో డబ్బు మళ్ళీ నూలుగా మగ్గానికెళ్తుంది.

ఈ నూలుకి పెద్ద చరిత్రే ఉంది. నూనెలోనూ, బూడిద నీళ్ళలోనూ నూలు నానబెట్టి, ఎరుపూ నలుపూ రంగులద్ది నేసిన తేలియా రుమాళ్ళు ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకి వెళ్ళేవి. ఎండకి తలపాగా చుట్టుకుంటే చల్లగా ఉండేవట. ఆ నేత ఇప్పుడు తెలంగాణలోని పుట్టపాకలో వర్ధిల్లుతోంది. మా ఊళ్ళో దాని పేరు తెలిసినవాళ్ళే తక్కువ.

మేం వెళ్ళింది మా నాన్న ఎప్పుడూ వెళ్ళే కొట్టుకి. బోర్డు పేరు మారలేదు గానీ కొట్టు సగమైంది. ముందు భాగంలో ఎవరో కుర్రాడు ఫోన్లకి గాజు అద్దాలు అతికిస్తున్నాడు. పక్కనున్న సన్నని దారిలోంచి వెనక్కి వెళ్తే పరుపు మీద బాబాయ్ గారు. మాకు చుట్టం కాదు. నాన్నతో కలిసి చదువుకున్నాడు, అంతే. అమ్మని చూడగానే లేచి నిలబడ్డాడు.

"రా వదినా, రా! ఆరేళ్ళకి గుర్తొచ్చామా?"

ఆ మాట అమ్మతో అన్నా నాకే తగిలింది. "హైదరాబాదు నుంచి రావడం కుదరట్లేదు బాబాయ్ గారూ" అన్నాను. ఆయన నా కట్టుచీర వంక చూసి ఊరుకున్నాడు. బట్టల వ్యాపారికి చీర చూస్తే ఎక్కడ కొన్నదీ తెలియదా!

టీ తెప్పించాడు. చీరలు పరవడం మొదలైంది. ఆకుపచ్చ చీరకి ఎర్రంచు ఉన్న కుప్పడం ఒకటి తీశాడు. ఆరువేల ఐదొందలు. మా అమ్మాయి వెంటనే ఫోను తీసి వెతికి, నా చెవిలో చెప్పబోయి గట్టిగానే అనేసింది. "అమ్మా, అచ్చం ఇదే. పంతొమ్మిది వందలే."

నాకు తల కొట్టేసినట్టయింది. బాబాయ్ గారు మాత్రం నవ్వాడు. "ఏదీ, ఇటివ్వు తల్లీ" అని ఫోను తీసుకుని బొమ్మని పెద్దది చేసి చూశాడు. "కొనుక్కోమ్మా, తప్పేం లేదు. కానీ అచ్చం ఇదే కాదు. ఎందుక్కాదో చెప్తా, తెలుసుకుని కొనుక్కో."

పై అరలోంచి ఇంకో ఆకుపచ్చ చీర దింపాడు. దానికీ ఎర్రంచే. రెండూ పక్కపక్కన పెట్టి అంచులు తిరగేశాడు. "ఇది నా కొట్లోదే. మరమగ్గం సరుకు, అబద్ధం చెప్పను. దీంట్లో చీరకీ అంచుకీ పేక ఒకటే దారం. ఆకుపచ్చ దారమే అటు నుంచి ఇటు అంచులోకి కూడా పోయుద్ది. అందుకే ఎరుపు మాసినట్టుంటది, చూడు. ఇదేమో కుప్పడం. మూడు నాడెలు ఆడాల. చీరకొకటి, అటంచుకొకటి, ఇటంచుకొకటి. రెండు రంగుల దారాలూ కలిసే చోట ఒకదాన్నొకటి పట్టుకుని వెనక్కి తిరుగుతాయి. అంచులో అంతా ఎరుపే. మగ్గం కాడ ఒకళ్ళు సరిపోరు, సాయం కూచోవాల."

మా అమ్మాయి రెండు అంచుల మీదా వేలితో రాసి చూసింది. ఫోను పక్కన పెట్టేసింది.

"ఇదంతా బయట ఎవరికి తెలుసు తాతగారూ?" అంది.

"కొట్టుకొస్తే తెలుసుద్ది. రాకపోతే ఎట్టా తెలుసుద్ది?" అన్నాడాయన. కోపంగా కాదు, మామూలుగానే.

మాటల్లో కొట్టు సంగతీ వచ్చింది. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. ముందు భాగం అద్దెకిచ్చాక ఆ అద్దె మీదే కరెంటు బిల్లూ, గుమస్తా జీతమూ. "వచ్చే ఉగాది దాకా చూస్తా వదినా. తర్వాత ఆ సెల్లు కుర్రాడికే మొత్తం ఇచ్చేస్తా" అన్నాడు.

అప్పటిదాకా చీరలు చూస్తున్న అమ్మ తలెత్తింది. "1921లో ఊరంతా ఖాళీ చేసి పోయినవాళ్ళం. మళ్ళీ రాలేదూ?" అంది.

మా అమ్మాయికి అర్థం కాలేదు. అమ్మే చెప్పింది. అప్పటి ప్రభుత్వం చీరాల, పేరాలలని కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి నాలుగు వేల రూపాయలుండే పన్నులు నలభై వేల దాకా పెరిగాయి. నేతగాళ్ళూ చిన్న వ్యాపారులూ ఎక్కడ కడతారు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందు నిలబడ్డారు. ఎడింబరోలో చదువుకొచ్చిన ఆయన రామదండు పేరుతో కార్యకర్తల్ని తయారు చేశారు. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు చీరాల వచ్చారు. హింస లేకుండా నిలబడగలిగితే ఊరు వదిలిపోవడం ఒక మార్గమన్నారు. సుమారు 15,000 జనాభాలో 13,000 మంది మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్ళి పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఎండల్లో, వానల్లో పదకొండు నెలలున్నారు. గోపాలకృష్ణయ్య గారిని జైల్లో పెట్టాక, డబ్బూ అయిపోయాక తిరిగొచ్చారు.

"మా అమ్మమ్మ చంటిపిల్లతో తాటాకు పాకలో ఉందట. రాత్రిళ్ళు ఊరి వైపు చూస్తే ఒక్క దీపం ఉండేది కాదని చెప్పేది" అంది అమ్మ.

బాబాయ్ గారు గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించి అన్నాడు. "అది వేరు వదినా. అప్పుడు ఊరు ఊరంతా చెప్పి పోయింది. ఎందుకు పోతున్నారో పోయేవాళ్ళకి తెలుసు. ఇప్పుడు ఒకళ్ళొకళ్ళే చెప్పకుండా పోతన్నారు. పోయినట్టు వాళ్ళకే తెలీదు."

నేను టీ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను. ఆయన నన్నన్నాడని కాదు. కానీ ఆ పోయినవాళ్ళలో నేనున్నాను కదా!

ఇలాంటి ఊళ్ళో బజారు ఒంటరిగా బతకదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ రేవులో పడవలు ఒడ్డునుంటాయి, ఇక్కడ కొట్లు బోసిపోతాయి. ఆషాఢంలో ముహూర్తాలుండవు. వానలొస్తే గుంట మగ్గాల్లోకి నీళ్ళూరతాయి, నేత ఆగుతుంది, ఖాతా పుస్తకాల్లో బాకీలు పెరుగుతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. "ఆ నెల బోణీ లేని రోజులే ఎక్కువ" అన్నాడు బాబాయ్ గారు. అవన్నీ వచ్చిపోయే కష్టాలు. వాటిని తట్టుకోవడం ఈ బజారుకి అలవాటే.

మధ్యాహ్నానికి పెట్టుబడి చీరలు ఇరవై రెండు తీశాం. లెక్క వేసి బాబాయ్ గారు రెండు జాకెట్టు ముక్కలు పైన పెట్టాడు. అమ్మ బేరమాడింది. ఆడకపోతే ఆయనే బాధపడేవాడు. అప్పుడు మా అమ్మాయి అడిగింది. "తాతగారూ, నాకు నచ్చిన రంగుల్లో ఒకటి నేయిస్తారా? గచ్చకాయ రంగు చీర, పసుపంచు."

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పెళ్ళి డిసెంబరులో. రంగులద్దాలి, పడుగు సిద్ధం చేయాలి, నేయాలి. "వానలు రాకుంటే అయిపోద్ది. వస్తే నా చేతిలో లేదు. సరేనా?"

"సరే" అంది మా అమ్మాయి. నేను ఏదో అనబోయాను. పెళ్ళి పీటల మీద కట్టుకునే చీర! అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆయన పాత ఖాతా పుస్తకం తీశాడు. మా నాన్న పేరుతో ఉన్న పేజీ ఇంకా ఉంది. కింద తేదీ వేసి, "మనవరాలి పెళ్ళి చీర, అడ్వాన్సు 2,000" అని రాశాడు.

సాయంత్రం ఓడరేవు వెళ్ళాం. వలలు విదిలించుకుంటున్నవాళ్ళని చూస్తూ, మిరపకాయ బజ్జీలు తిని రాత్రి రైలుకి తిరిగొచ్చాం.

మీరూ వెళ్ళాలనుకుంటే విజయవాడ నుంచి రైల్లో రెండు గంటల్లోపే. పొద్దున్న పది దాటాక బజారుకెళ్ళండి. అప్పటికి కొట్లు తెరుస్తారు. నింపాదిగా కూర్చోండి, చీర వెనక్కి తిప్పి అంచు చూడండి, ఏది చేమగ్గమో ఏది మరమగ్గమో అడగండి. పక్కనే వేటపాలెంలో జీడిపప్పు కొనుక్కోవచ్చు. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం చూడొచ్చు. సాయంత్రానికి సముద్రం ఎలాగూ ఉంది.

నిన్న బాబాయ్ గారు ఫోను చేశాడు. పడుగు ఎక్కించారట. రెండ్రోజులుగా ముసురు పట్టిందట. "గుంటలోకి ఇంకా నీళ్ళు రాలేదులే" అన్నాడు.

అప్పట్నించీ మా అమ్మాయి పొద్దున్న లేవగానే ఫోను తీసి చీరాలలో వాన పడుతోందా లేదా అని చూస్తోంది.