బీరువా పైన స్కెచ్ బుక్

సామర్లకోట వచ్చినవాళ్లంతా రెండంతస్తుల ఎత్తున్న భీమేశ్వరుణ్ణి చూసి వెళ్తారు. ఊళ్లోవాళ్లం మేమేమో మొన్న సెలవు రోజు రైలెక్కి రాజమండ్రి పోయాం, దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి. గంట ప్రయాణం, అంతే.

రామారావు 1897లో పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆయన చేతివాటం చూసి బొంబాయి జేజే స్కూల్‌కి పంపారు. తిరిగొచ్చి 1923లో రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచితో పోయారు, 28 నిండకుండానే. నాకు మొన్ననే నిండాయి.

‘పుష్పాలంకారం’ దగ్గర అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. రామారావు భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసేవారట. ఇంటిల్లిపాదీ చిత్రకారులే! చెల్లి నావైపు, నాన్నవైపు మార్చి మార్చి చూసింది.

ఇంటర్‌లో నా స్కెచ్ బుక్ దాచేసింది నాన్నే. “ముందు ఎంసెట్ సంగతి చూడు” అన్నారు. చూశాను, సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. కోపం మాత్రం పోలేదు.

గ్యాలరీలో ఆయన ఒక్క మాటా అనలేదు. తిరుగు రైల్లో, ద్వారపూడి దాటాక, కిటికీ బయటికి చూస్తూనే అన్నారు: “నీ పుస్తకం బీరువా పైన ఉందిరా. పారెయ్యలేదు.”

ఇంటికి రాగానే స్టూలు వేసుకుని ఎక్కాను. అట్ట మీద వేలెడు దుమ్ము. లోపల సగం గీసిన మా భీమేశ్వరుడి గోపురం.